లిథియం మాత్ర సంగతి ముందే చెప్పండి

ఎండలు ముదిరినప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో వడదెబ్బ గురించే ఎక్కువ. వాటి మధ్యలో ఈసారి మూడ్ మాత్రల గురించి కొన్ని వచ్చాయి. చదివాక వడదెబ్బ ఉత్తరాలు వచ్చే నెలకు వాయిదా వేశాను. నేను సైకియాట్రిస్టుని కాను, హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ డాక్టర్ని. ఈ మాత్రలు మొదలుపెట్టేది వాళ్లు, అవి తిరగబడ్డ రాత్రి చూసేది మేము. జవాబులు ఆ వైపు నుంచే ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారికి 67 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మనసు ఒకసారి హద్దులేని హుషారుకి, ఇంకోసారి దిగులుకి ఊగే బైపోలార్ జబ్బుకి ఇరవై ఏళ్లకు పైగా లిథియం వేసుకుంటున్నారు, రోజుకు 900 మిల్లీగ్రాములు. ఎప్పుడూ తేడా రాలేదు. ఏప్రిల్‌లో బీపీ ఉందని ఒక డాక్టరుగారు కొత్త మాత్ర రాశారు. మోకాళ్ల నొప్పులంటే మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు, అదీ వాడారు. మేలో రెండు రోజులు విరేచనాలయ్యాయి. ఆ తర్వాత చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయారు, మాట ముద్దగా వచ్చింది, నడిస్తే తూలారు. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో పక్షవాతమేమోనని సీటీ తీశారు. ఏమీ లేదు. వడదెబ్బ అని సెలైన్ పెట్టారు. చెల్లి సంబంధం వాళ్లు చూడటానికి వచ్చి అక్కడే కూర్చున్నారు. అందుకని అమ్మ ఈ మాత్రల సంగతి చెప్పనివ్వలేదు. మర్నాటికి నాన్న మమ్మల్నే గుర్తుపట్టలేదు. అప్పుడు చెప్పాం. పరీక్ష చేస్తే లిథియం 2.6. పెద్దాసుపత్రికి మార్చారు, డయాలసిస్ చేశారు. సాయంత్రానికి మాట్లాడారు, తెల్లారేసరికి మళ్లీ మత్తు. రెండోసారి డయాలసిస్ చేశారు. ఇంటికొచ్చి మూడు వారాలైంది, నడక ఇంకా తూలుతోంది. ఇన్నేళ్లూ పడిన మోతాదు ఇప్పుడు విషం ఎలా అయింది? 4 దాటితేనే డయాలసిస్ చేయాలట, డబ్బు కోసం చేశారని మా బావగారు అంటున్నారు. ఇక జీవితాంతం డయాలసిస్సేనా? లిథియం మళ్లీ వేసుకోవచ్చా?
– ఓ కూతురు, మల్కాజిగిరి

జవాబు: ముందు మీ బావగారి సందేహం తీర్చేస్తానమ్మా. ఇంట్లో ఆ మాట నడుస్తున్నంతకాలం నేను చెప్పే మిగతావి ఎవరి చెవికీ ఎక్కవు. ఆయన చదివింది తప్పు కాదు, సగమే చదివారు. ఏ మందు వికటిస్తే ఎప్పుడు డయాలసిస్ చేయాలో పరిశీలించి చెప్పే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటుంది, ఎక్స్‌ట్రిప్ అంటారు. లిథియం గురించి వాళ్ల సూచనలు 2015లో వచ్చాయి. కిడ్నీలు సరిగా పనిచేయని మనిషిలో లిథియం లీటరుకు 4 మిల్లీమోల్స్ దాటితే డయాలసిస్ చేయమన్నారు, నిజమే. స్పృహ తగ్గినా, ఫిట్స్ వచ్చినా, ప్రాణం మీదికొచ్చేలా గుండె లయ తప్పినా అంకె ఎంతన్నది చూడకుండా చేయమని కూడా అక్కడే ఉంది. మనిషి అయోమయంలో ఉంటే, లేదా 36 గంటల్లో లిథియం 1 కిందికి దిగే సూచన లేకపోతే, చేయడం మేలన్నారు. కన్నకూతుర్ని గుర్తుపట్టలేని మనిషిని ముందు పెట్టుకుని 2.6 కదా అని ఊరుకోకూడదు. నేనున్నా కిడ్నీ డాక్టరుకి అప్పుడే ఫోన్ చేసేదాన్ని.

ఈ 2.6 ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. మామూలుగా ఈ మందు వాడేవాళ్లలో రక్తంలో లిథియం 0.6 నుంచి 1 దాకా ఉండేలా చూస్తారు. పెద్ద వయసులో ఇంకాస్త తక్కువగానే ఉంచుతారు. 1.5 దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే. ఎప్పుడూ లిథియం వాడని మనిషి ఒక్కసారిగా బోలెడు మాత్రలు మింగితే రక్తంలో 5 కనిపించినా మొదట్లో లేచి కూర్చుని మాట్లాడుతుండొచ్చు, వాంతులు మాత్రమే ఉండొచ్చు. మందు ఇంకా రక్తంలోనే ఉంది, మెదడులోకి ఎక్కలేదు. మీ నాన్నగారిలా ఏళ్ల తరబడి వాడే మనిషిలో మెదడు ఎప్పుడో మందుతో నిండి ఉంటుంది. అక్కడ కాస్త పెరిగినా మనిషి పడిపోతాడు, రక్తంలో అంకె మాత్రం మరీ భయపెట్టేలా ఉండదు. అందుకే దీర్ఘకాలం వాడేవాళ్లలో నేను ల్యాబ్ రిపోర్టు కన్నా ముందు మనిషి చేతులు చాపించి చూస్తాను, నాలుగు అడుగులు నడిపిస్తాను, ఇవాళ ఏ వారమో అడుగుతాను. 1.8 ఉన్న పెద్దాయన సంధి కొట్టి పలవరించడం మాకు కొత్తేమీ కాదు.

అదే మోతాదు ఎందుకు తిరగబడిందంటే, మాత్ర మారలేదు గానీ అది బయటికి పోయే దారి మూసుకుపోయింది. లిథియం లివర్లో అరగదు. దాదాపు అంతా మూత్రంలోనే పోవాలి. కిడ్నీకి సోడియం, లిథియం రెండూ కవలల్లా కనిపిస్తాయి, ఒకర్ని లోపలికి పిలిస్తే ఇద్దరూ వచ్చేస్తారు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీ కంగారుపడి సోడియాన్ని వెనక్కి లాక్కుంటుంది, దానితో పాటే లిథియం కూడా తిరిగొస్తుంది. మీ నాన్నగారికి విరేచనాల్లో ఉప్పూ నీరూ పోయాయి. పైన మే నెల ఎండ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పుల మాత్రలు కిడ్నీకి రక్తప్రవాహం తగ్గించి లిథియాన్ని పోనివ్వవు. ఇక బీపీ మాత్ర. మీరు పేరు రాయలేదు, ఇంట్లో ఆ అట్ట ఉంటే తీసి చూడండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, వీటిలో ఏదున్నా లిథియం పెరుగుతుంది. దానికి తోడు హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్తాలిడోన్ గానీ కలిసి ఉంటే మరీ ఎక్కువ పెరుగుతుంది. పేరు చివర 'హెచ్' అక్షరం ఉన్న బీపీ మాత్రల్లో చాలావరకు ఆ హైడ్రోక్లోరోథయజైడే ఉంటుంది. ఇందులో ఏ ఒక్కటి వచ్చినా ఆయన తట్టుకునేవారేమో. మూడూ నాలుగూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. బీపీ రాసిన డాక్టరుగారికి లిథియం సంగతి తెలుసా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. తెలియదనే అనుకుంటున్నాను. తెలిస్తే ఆమ్లోడిపిన్ లాంటిదేదో రాసేవారు, అది లిథియంతో అంతగా తగువు పెట్టుకోదు. నొప్పులకు పారాసిటమాల్ వాడితే ఈ గొడవ ఉండదు.

మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. సంబంధం వాళ్లు కూర్చుని ఉండగా 'మా ఆయనకు మానసిక జబ్బుంది' అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎర్రగడ్డ పేరెత్తితేనే గొంతు తగ్గించే ఊరు ఇది. కానీ మా వైపు నుంచి ఒక్కసారి చూడండి. మే నెలలో హైదరాబాద్‌లో, 67 ఏళ్ల మనిషి మాట ముద్దగా, అడుగులు తడబడుతూ వస్తే ఏ డాక్టరైనా మొదట పక్షవాతం అనుకుంటారు, తర్వాత వడదెబ్బ, తర్వాత షుగర్ పడిపోయిందా, సోడియం తగ్గిందా అని చూస్తారు. మామూలుగా పంపే రక్తపరీక్షల్లో లిథియం ఉండదు. ఎవరైనా పేరు చెబితేనే ఆ పరీక్ష రాస్తాం. చాలా చోట్ల శాంపిల్ బయటి ల్యాబ్‌కి వెళ్లాలి, అందుకు ఇంకాస్త సమయం పోతుంది. అందరి ముందూ చెప్పనక్కర్లేదు. 'డాక్టరుగారూ, ఒక్క నిమిషం' అని పక్కకు పిలిచి చెవిలో చెప్పండి, మాత్రల అట్ట చేతిలో పెట్టండి, లేదా సెల్‌ఫోన్లో దాని ఫోటో చూపించండి. మేం ఆ సంగతి బయటపెట్టకూడదు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేషెంటుకు ఆ గోప్యత హక్కు ఇచ్చింది. 108 అంబులెన్స్ సిబ్బంది 'ఏమైనా మందులు వాడుతున్నారా' అని అడిగినప్పుడే చెప్పేస్తే మరీ మంచిది. బీపీకి, షుగర్‌కి అని రెండు చెప్పి మూడోదాని పేరు దాచేస్తారు చాలామంది. మాకు కావలసింది ఆ మూడోదే.

పేరు తెలిశాక మేం చేసేది మంత్రమేమీ కాదు. లిథియం ఆపేస్తాం, నొప్పుల మాత్ర, ఆ బీపీ మాత్ర ఆపేస్తాం. ఈసీజీ తీస్తాం, ఎందుకంటే లిథియం గుండె వేగాన్ని తగ్గించగలదు, లయనూ చెడగొట్టగలదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, కాల్షియం, థైరాయిడ్ చూస్తాం. సెలైన్ ఎక్కిస్తాం. ఒంట్లో నీరు, ఉప్పు నిండితే కిడ్నీ లిథియాన్ని వదులుతుంది. అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఏళ్ల తరబడి లిథియం వాడినవాళ్లలో కొందరి కిడ్నీలు నీటిని పట్టి ఉంచే శక్తి పోగొట్టుకుంటాయి. రాత్రి నాలుగుసార్లు లేచి బిందెలకొద్దీ మూత్రం పోసేవాళ్లు వీళ్లే. వాళ్లకు చూడకుండా సెలైన్ ఎక్కిస్తూ పోతే నీరు బయటికి పోయి ఉప్పు లోపల మిగులుతుంది, సోడియం 150 దాటి మత్తు ఇంకా ముదురుతుంది. అందుకని కొన్ని గంటలకోసారి సోడియం చూసి, అవసరమైతే సీసా మారుస్తాం. లిథియం మూత్రంలో పోవాలి కదా అని మూత్రం ఎక్కువయ్యే ఇంజెక్షన్ చేయడం తప్పు, నీరు తగ్గి మళ్లీ మొదటికొస్తుంది.

డయాలసిస్ విషయానికొస్తే, ఆ మిషన్ మీద సులువుగా బయటికొచ్చే మందుల్లో లిథియం ఒకటి. చిన్న అణువు, రక్తంలో ప్రొటీన్లకు అంటుకోదు. కానీ మిషన్ శుభ్రం చేసేది రక్తాన్నే. రక్తంలో తగ్గగానే కణాల్లో, మెదడులో దాగినది నెమ్మదిగా రక్తంలోకి తిరిగొస్తుంది, అంకె మళ్లీ పైకి లేస్తుంది. అందుకే డయాలసిస్ అయ్యాక 6 నుంచి 12 గంటల వరకు మళ్లీ మళ్లీ పరీక్ష చేయాలి. తెల్లారేసరికి మీ నాన్నగారికి మత్తు రావడం, రెండోసారి చేయాల్సి రావడం ఇందుకే. మొదటిది సరిగా చేయలేదని కాదు. సాయంత్రం బాగున్నారు కదా అని ఇంటికి పంపేసి ఉంటే అప్పుడు మీరు తగువు పెట్టుకోవాలి.

జీవితాంతం డయాలసిస్ అన్న భయం వదిలేయండి. అది మందు తీయడానికి చేసింది, కిడ్నీలు చచ్చిపోయాయని కాదు. ఇప్పుడు క్రియాటినిన్ ఎంతుందో చూపించి రాయించుకోండి. ఏళ్ల లిథియం వల్ల కొందరిలో కిడ్నీ మెల్లగా తగ్గుతుంది, అది ఆరు నెలలకోసారి పరీక్షలతో తెలిసిపోతుంది. నడక గురించి మాత్రం తొందరపడి ఏ మాటా ఇవ్వలేను. మెదడు రక్తం కన్నా చాలా ఆలస్యంగా తేరుకుంటుంది. మూడు వారాలకు తూలడం ఉన్నా చాలామందిలో ఇంకా తగ్గుతూ పోతుంది. మందు ఆపి రెండు నెలలు దాటినా తూలడం, మాట తడబడటం అలాగే ఉంటే అది చిన్నమెదడుకు తగిలిన శాశ్వతమైన దెబ్బ కావచ్చు, న్యూరాలజిస్టుకు చూపించాలి. ఈలోపు ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించండి, తుంటి విరిగితే ఇంకో కథ.

లిథియం మళ్లీ మొదలుపెట్టాలా అన్నది నేను తేల్చేది కాదు, ఆయన సైకియాట్రిస్టు తేల్చాలి. నాకు తెలిసింది ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్లు ఆయన్ని నిలబెట్టిన మందు హఠాత్తుగా ఆగింది. ఆ ఖాళీలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, బైపోలార్‌లో ఆత్మహత్య ఆలోచనల నుంచి కాపాడటంలో లిథియానికి ఉన్న పేరు తక్కువది కాదు. కాబట్టి 'ఆ విషం మా ఇంట్లో వద్దు' అని డబ్బా చెత్తలో పారేసి కూర్చోకండి. ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి, డిశ్చార్జి కాగితం, బీపీ చీటీ, కిడ్నీ రిపోర్టు అన్నీ పట్టుకుని. వేరే మందు పెడతారా, తక్కువ మోతాదులో లిథియమే మళ్లీ ఇస్తారా, అప్పుడు తేలుతుంది. రాత్రి నిద్ర తగ్గి మాటలు ఎక్కువైతే, లేదా మరీ దిగులుగా ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మేడమ్, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. లిథియం వాడే ఒక పేషెంటుకు రొటీన్ పరీక్షలో 3.1 వచ్చింది. ఆమె మాత్రం హాయిగా కూర్చుని ఇడ్లీ తింటోంది. మాకు టెన్షన్ పట్టుకుంది. మళ్లీ రక్తం తీసి పంపితే 0.7. ఏది నమ్మాలి?
– పేరు వద్దు

జవాబు: ఇడ్లీని నమ్మండి సిస్టర్. మొదటి శాంపిల్ ఏ ట్యూబులో తీశారో గుర్తు తెచ్చుకోండి. ఆకుపచ్చ మూతదే అయి ఉంటుంది. వాటిలో చాలా ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు లిథియం హెపారిన్. అంటే మనం కొలవాలనుకున్నదే ట్యూబులో ముందే ఉంది. రక్తం తక్కువగా తీస్తే అంకె ఇంకా పైకి పోతుంది. లిథియం పరీక్షకు ఎర్ర మూతో పసుప్పచ్చ మూతో వాడాలి. మీ నర్సింగ్ హోమ్ గోడ మీద ట్యూబుల చార్టు ఉంటుంది కదా, అందులో ఈ సంగతి పెద్దక్షరాలతో రాసి పెట్టండి. ఆ 3.1 చూసి ఎవరైనా డయాలసిస్‌కు పంపి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంకోటి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత, పొద్దుటి మాత్రకు ముందు తీసిన రక్తంలోని అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. మాత్ర వేసుకున్న రెండు గంటలకు తీస్తే ఎక్కువే వస్తుంది. కానీ ఎమర్జెన్సీలో మనిషి మత్తులో ఉంటే 12 గంటలు ఆగకండి, వెంటనే తీసి, చివరి మాత్ర ఎప్పుడు వేశారో కాగితం మీద రాయండి. ఆ టైము రాయని రిపోర్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నెమ్మదిగా కరిగే రకం లిథియం 400 మిల్లీగ్రాములది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొన్న టీవీ చూస్తూ రాత్రి మాత్ర మర్చిపోయాననుకుని రెండోసారి వేసుకుంది. మా పిన్ని ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించమంది. మేం చేయించలేదు. అమ్మకు ఏమీ కాలేదు. మళ్లీ ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఉప్పల్ నుంచి ఒక కొడుకు

జవాబు: వాంతి చేయించకపోవడమే మంచిదైంది. ఉప్పునీళ్లు తాగిస్తే సోడియం ప్రమాదకరంగా పెరగొచ్చు, మత్తులో ఉన్న మనిషికైతే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కిడ్నీలు బాగున్న మనిషి ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటే సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు. మర్నాటి మాత్ర గురించి సైకియాట్రిస్టుకు ఫోన్ చేసి అడగండి, నీళ్లు మామూలుగా తాగనివ్వండి, ఒకటిన్నర రోజు కనిపెట్టి ఉండండి. కిడ్నీ జబ్బున్నా, అప్పుడే జ్వరమో విరేచనాలో ఉన్నా, చేతులు పెద్దగా వణికినా, తూలినా, మాట తేడా వచ్చినా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. వారం రోజుల మాత్రలు విడివిడిగా పెట్టే ప్లాస్టిక్ డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. ఖాళీ గది చూస్తే వేసుకున్నారో లేదో తెలిసిపోతుంది.

ఎక్కువ మాత్రలు మింగితే, పొరపాటున అయినా కావాలని అయినా, మనిషి ఎంత బాగా కనిపించినా వెంటనే తీసుకెళ్లాలి. మిగిలిన అట్ట పట్టుకెళ్లండి. చాలా విషాలకు మేమిచ్చే బొగ్గుపొడి లిథియాన్ని పట్టుకోలేదు. నెమ్మదిగా కరిగే రకమైతే, పెద్దపేగు పరీక్షకు ముందు తాగిస్తారే, ఆ ద్రావణంతో పేగులు కడిగేయాల్సి రావచ్చు. ఆ రకం గంటల తరబడి ఎక్కుతూనే ఉంటుంది. మొదటి పరీక్షలో 1.2 వచ్చిందని ఇంటికి తీసుకెళ్లిపోతామంటే ఒప్పుకోం. ఆరేసి గంటలకోసారి రక్తం తీసి, అంకె కిందికి దిగుతోందని చూశాకే పంపుతాం. కావాలని మింగిన మనిషిని ఆ రాత్రి తిట్టకండి, ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: మా అబ్బాయికి 24. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సు చేస్తున్నాడు. ఎనిమిది నెలలుగా మూడ్ కోసం డైవాల్‌ప్రోయెక్స్ వాడుతున్నాడు. తలనొప్పికి వేరే డాక్టరు ఈమధ్య టోపిరమేట్ ఇచ్చారు. వారం నుంచి మత్తుగా, వాంతులు చేసుకుంటూ, అడిగిందానికి ఇంకేదో చెబుతున్నాడు. తాగుతున్నాడని రూమ్మేట్లు అనుకున్నారు. ఆసుపత్రిలో సీటీ, లివర్ పరీక్షలు నార్మల్, మందు లెవెల్ కూడా నార్మల్ అని పంపేశారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదమ్మా ఇది. అందుకే చదివిన రోజే సంపాదకుల చేత మీకు ఫోన్ చేయించి, బాబుని ఎమర్జెన్సీకి తీసుకెళ్లి అమ్మోనియా పరీక్ష చేయించమన్నాను. అది ఎక్కువే ఉందని, ఇప్పుడు తేరుకుంటున్నాడని తెలిసి సంతోషించాను. మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. డైవాల్‌ప్రోయెక్స్ లాంటి వాల్‌ప్రోయేట్ రకం మందులు కొందరిలో రక్తంలో అమ్మోనియా పెంచుతాయి. అది మెదడుకు ఎక్కితే మత్తు, వాంతులు, అయోమయం వస్తాయి. లివర్ పరీక్షలు శుభ్రంగా ఉండొచ్చు, మందు లెవెల్ హద్దులోనే ఉండొచ్చు. టోపిరమేట్ తోడైతే ఈ ప్రమాదం పెరుగుతుంది. అమ్మోనియా పరీక్ష అడిగితేనే చేస్తారు. రక్తం ఐసు మీద పెట్టి వెంటనే ల్యాబ్‌కు పంపాలి, ఆలస్యమైతే తప్పుడు అంకె వస్తుంది. నిర్ధారణ అయితే వాల్‌ప్రోయేట్ ఆపి ఎల్-కార్నిటిన్ ఇస్తారు. అయితే ఇదే మందు ఫిట్స్ కోసం వాడేవాళ్లు మాత్రం ఇది చదివి ఇంట్లో సొంతంగా ఆపేయకూడదు, ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ రావచ్చు. వాళ్లకు ఆసుపత్రిలో వేరే మందు మొదలుపెట్టి మారుస్తారు.

తాగుతున్నాడన్న అనుమానం వస్తే ఆసుపత్రిలో కూడా మనిషిని ఒక మూల మంచం మీద పడుకోబెట్టేస్తారు, అది నేను చూస్తూనే ఉన్నాను. మీ బాబు మాత్రల అట్టలు రెండూ హాస్టల్ టేబుల్ మీదే ఉన్నాయట.

ప్రశ్న: లిథియం వాడుతున్నాను. బీపీ కోసం ఉప్పు పూర్తిగా మానేయమంటున్నారు ఇంట్లోవాళ్లు. కార్తీకంలో ఉపవాసాలు ఉండొచ్చా? రోజుకు ఏడెనిమిది చాయ్‌లు తాగుతాను, అవీ మానాలనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఒక్కసారిగా ఏదీ మానకండి. ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుందని పైన చెప్పాను. దీని వెనక ఒక పాత కథ ఉంది. 1940లలో అమెరికాలో గుండె జబ్బువాళ్లకు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. ఉప్పు మానేసిన మనుషులు, పైన ఇష్టమొచ్చినంత లిథియం చల్లుకున్నారు. కొందరు చనిపోయాక 1949లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మానిక్ జబ్బుకు, అంటే హుషారు హద్దు దాటే జబ్బుకు, లిథియం పనిచేస్తుందని రాశారు. ఆ చావుల భయం పోయి అమెరికాలో మందుగా అనుమతి దొరికేసరికి 1970 వచ్చింది. మీకు నేను చెప్పేది, ఆవకాయ గిన్నె దూరం పెట్టండి, కూరలో ఉప్పు మామూలుగా వేసుకోండి. తగ్గించాల్సిందేనని డాక్టరు అంటే, తగ్గించిన వారం తర్వాత లిథియం పరీక్ష చేయించుకోండి.

నీళ్లు కూడా ముట్టని ఉపవాసం వద్దు. పళ్లు, ఉప్పేసిన మజ్జిగ తీసుకుంటూ ఉండే ఉపవాసమైతే సైకియాట్రిస్టుకు చెప్పి ఉండండి. రంజాన్ ఉపవాసాలు ఉండే పాఠకులు కూడా నెల ముందే వెళ్లి అడగాలి, మాత్ర వేళలు మార్చాల్సి ఉంటుంది, మధ్యలో ఒకసారి పరీక్ష కూడా.

చాయ్ సంగతి చాలామందికి తెలియదు. కెఫీన్ లిథియాన్ని మూత్రంలోకి తోస్తుంది. రోజుకు ఎనిమిది తాగే మనిషి ఒక సోమవారం నుంచి సున్నాకు వస్తే లిథియం పైకి లేస్తుంది. వారానికొకటి చొప్పున తగ్గించండి, చేతుల వణుకు పెరిగితే పరీక్ష చేయించండి. రెండు ఇరానీ చాయ్‌ల దగ్గర ఆగిపోయినా నాకు అభ్యంతరం లేదు.